ఓటు అందరిది, పోటీ కొందరిది



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రలోంచి ఏదైనా ఒక విషయం రాయవలసిందిగా సంఘం కార్యవర్గం వారు కోరారు. కోటల చరిత్ర, రాజుల చరిత్ర రాయగలవారు మన సభ్యులలోనే ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు మోసి రిటైరైనవాణ్ణి. నాకు దగ్గరగా తెలిసినది ఎన్నికల పని. మనలో ఆ డ్యూటీ చేయనివారు అరుదు. బ్యాలెట్ పెట్టె భుజాన పెట్టుకుని లారీ ఎక్కినవారు, లక్క సీళ్లు వేసి వేళ్లు కాల్చుకున్నవారు, రాత్రి రెండు గంటలకు రిసెప్షన్ సెంటర్లో సామాన్లు అప్పగించి ఊపిరి పీల్చుకున్నవారు ఈ పత్రిక చదువుతున్నారు. కనుక ఎన్నికల గురించే రాస్తాను. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ మన పత్రికకు తగదు. ఎన్నికల్లో పౌరులంతా నిజంగా సమానులేనా అన్నది మాత్రమే నా ప్రశ్న. ఈ ప్రశ్నకు మన కమ్మర్‌పల్లి ప్రాంతం 2019లో దేశమంతా చూసేటట్లుగా ఒక జవాబు చెప్పింది. అక్కడికి వెళ్లేముందు కొంచెం వెనక్కు పోదాం.

నిజాం కాలంలో మన పెద్దలకు ఓటు అన్నదే తెలియదు. 1937లో అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన ఒక కమిటీని వేసి, 1939లో రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించారు. వాటి ప్రకారం శాసనసభలో ఎన్నికయ్యేవారు సగం కంటే తక్కువ. ఆ ఎన్నిక కూడా మనిషికి ఒక ఓటు అనే లెక్కన కాదు. జాగీర్దార్లకు ఇన్ని స్థానాలు, పట్టాదార్లకు ఇన్ని, వకీళ్లకు, వైద్యులకు, వర్తకులకు, బ్యాంకులకు ఇన్ని అని పంచారు. ఆస్తి, వృత్తి, హోదా ఉన్నవాడికి గొంతు ఇచ్చి, వెట్టి చేసేవాణ్ణి లెక్కలోకే తీసుకోలేదు.

అలాంటి సంస్థానంలో 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఒక ఓటు. దొరకూ ఒకటే, దొర గడిలో పనిచేసే జీతగానికీ ఒకటే. చదువురానివారి కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దానిపై గుర్తు అంటించారు. కాగితం ఏ పెట్టెలో వేస్తే ఆ అభ్యర్థికి ఓటు. నిజామాబాద్ నుంచి ఆనాడు హరీశ్చంద్ర హేడా గారు లోక్‌సభకు వెళ్లారు. పదమూడేళ్ల కింద జాగీరును, పట్టాను చూసి గొంతు ఇచ్చిన నేలమీద ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఆ కొత్త చట్టంలోనే రెండు తలుపులు ఉన్నాయి. ఓటు వేసే తలుపు వెడల్పుగా తెరిచారు. పోటీ చేసే తలుపు దగ్గర మాత్రం రుసుము పెట్టారు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం లోక్‌సభకు నిలబడేవారు 500 రూపాయలు, శాసనసభకు 250 రూపాయలు డిపాజిట్ కట్టాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ సొమ్ము ప్రభుత్వానికి జమ.

1980ల తొలినాళ్లలో ఒక అసెంబ్లీ ఎన్నికకు నన్ను నామినేషన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒకనాటి మధ్యాహ్నం ఒక కూలి మనిషి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. రుమాలు మూట విప్పితే అన్నీ రూపాయి, రెండు రూపాయల నోట్లు, చిల్లర. లెక్కపెట్టి రసీదు రాసిచ్చాను. ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని, “ఈ పైసలు వాపసొస్తయా సార్?” అన్నాడు. ఆరో వంతు ఓట్లు వస్తే వస్తాయని చెప్పాను. “ఓటేసేటోన్ని రూపాయి అడగరు గద సార్, నిలవడేటోన్నే ఎందుకడుగుతరు?” అన్నాడు. చట్టం అట్లా ఉంది నాయనా అని చెప్పి పంపాను. గుమాస్తాగా నేను చెప్పగలిగింది అంతే. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు చట్టసభలే చెప్పాలి. కానీ డెబ్బై ఏళ్లలో అవి ఈ రుసుమును పెంచుకుంటూ పోవడమే గాని, ఎందుకని అడిగింది తక్కువ.

ఆ రుసుము ఉన్నా తొలి రోజుల్లో స్వతంత్రులకు చోటు ఉండేది. 1967లో మన నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఎం. నారాయణరెడ్డి గారు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. ఆ తర్వాత ఎన్నికల ఖర్చు పెరుగుతూ వచ్చింది. చట్టంలో ఖర్చుకు పరిమితి ఉన్నా అది అభ్యర్థికే గాని పార్టీకి కాదు. ఇక్కడే అసలు కథ మొదలైంది.

1971లో ఢిల్లీ సదర్ స్థానంలో గెలిచిన అమర్‌నాథ్ చావ్లా ఎన్నికపై ఓడిపోయిన కన్వర్‌లాల్ గుప్తా కోర్టుకు వెళ్లారు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఒక అభ్యర్థి గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా ఆ అభ్యర్థి లెక్కలోనే వేయాలని చెప్పింది. డబ్బున్నవాడికి, లేనివాడికి పోటీలో సమాన అవకాశం ఉండాలన్నదే ఆ తీర్పులోని సారాంశం. మనం జమాఖర్చులు రాసినవాళ్లం కనుక ఇది సులువుగా అర్థమవుతుంది. ఒకే పనికి రెండు పద్దుల కింద ఖర్చు పెట్టి, ఒక పద్దునే ఆడిట్‌కు చూపిస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. కానీ ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరు నాటికి చట్టం సవరించి, పార్టీ ఖర్చు, స్నేహితుల ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదని రాశారు. 2003లో ఆ నిబంధనను మార్చి స్నేహితులు పెట్టే ఖర్చుకు తలుపు మూశారు. కానీ పార్టీ మొత్తం ఖర్చుకు మాత్రం హద్దు పెట్టలేదు.

శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న 1990 నుంచి 1996 దాకా కాలం మనందరికీ గుర్తే. గోడల మీద రాతలు తగ్గాయి. రాత్రి మైకులు ఆగాయి. ఖర్చు లెక్కలు దాఖలు చేయనివారిని పోటీకి అనర్హులని ప్రకటించారు. ఆఫీసుల్లో మన పని రెండింతలైనా, ఈ దేశంలో నిబంధన అమలు చేయవచ్చునన్న ధైర్యం ఆయన వల్ల వచ్చింది. ఆయన కూడా అభ్యర్థి లెక్కను గట్టిగా అడగగలిగారు గాని, చట్టంలో లేని పార్టీ పరిమితిని అమలు చేయలేరు కదా.

అదే 1996లో నల్గొండలో ఒక విచిత్రం జరిగింది. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన జనం తాగునీటి కోసం ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. జలసాధన సమితి ఆధ్వర్యంలో దుశ్చర్ల సత్యనారాయణ గారు ఆ ఉద్యమాన్ని నడిపారు. ఎన్ని అర్జీలు పెట్టినా కదలిక లేకపోవడంతో లోక్‌సభ ఎన్నికలో మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది. ఆ ఏడాదే కర్ణాటకలోని బెల్గాంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది పోటీ చేశారు.

అర్జీ చదవడానికి బదులు అర్జీ రుసుము పెంచినట్లుగా ఉంది అప్పుడు ప్రభుత్వం చేసిన పని. 1996లోనే చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు, శాసనసభ డిపాజిట్‌ను 250 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. అంటే ఇరవై రెట్లు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలన్నారు. ఫలితం వెంటనే కనిపించింది. 1996లో దేశమంతటా లోక్‌సభకు 13,952 మంది పోటీ చేస్తే, 1998లో 4,750 మందే మిగిలారు. 2010 నుంచి ఆ డిపాజిట్లు 25,000, 10,000 రూపాయలయ్యాయి.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. నాలుగు వందల పేర్ల బ్యాలెట్ అచ్చు వేయడం, మడవడం, లెక్కించడం ఎంత కష్టమో పోలింగ్ సిబ్బందిగా పనిచేసినవారికి చెప్పనక్కర లేదు. సరదాకు, పంతానికి, ఇతరుల ఓట్లు చీల్చడానికి నామినేషన్ వేసేవారు కూడా ఉంటారు. వారిని అడ్డుకోవాలి, నిజమే. కానీ డబ్బు జల్లెడ పనికిమాలిన అభ్యర్థిని, పేద అభ్యర్థిని వేరుచేయలేదు. డబ్బున్న పనికిమాలినవాడు దాటిపోతాడు, పేద యోగ్యుడు ఆగిపోతాడు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. కమ్మర్‌పల్లి అంటే పసుపు. పసుపు పరిశోధన స్థానం కూడా ఇక్కడే ఉంది. బోధన్ వైపు చెరకు రైతుకు నిజాం షుగర్స్ ఎట్లాగో, ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు రైతుకు నిజామాబాద్ మార్కెట్ యార్డు అట్లాగ. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరిపిస్తామన్న మాట, పసుపు బోర్డు తెస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ విన్నాం. తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి యార్డుకు తీసుకుపోతే ధర పడిపోయి ఉంటుంది. మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీల్లో తోలుకుపోయిన రైతులు మన ఇళ్లలోనే ఉన్నారు.

2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నారు. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు మద్దతు ధర కావాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగారు. మాట నెగ్గలేదు. అప్పుడు ఇరవై మూడేళ్ల కిందటి నల్గొండ దారినే పట్టారు. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి మొత్తం 185 మంది బరిలో నిలిస్తే, అందులో 178 మంది రైతులు.

మామూలు ఓటింగ్ యంత్రాలు 64 మంది అభ్యర్థుల వరకే పనికివస్తాయి. కాగితం బ్యాలెట్ పెడతారనుకున్నారు. ఎన్నికల సంఘం మాత్రం కొత్త రకం యంత్రాలు తెప్పించి, ఒక్కో యూనిట్లో 16 పేర్ల చొప్పున పన్నెండు యూనిట్లు కలిపింది. ఏప్రిల్ 11న పోలింగ్ గదిలోకి వెళ్లి చూద్దును గదా, బల్లల మీద వరుసగా పేర్చిన యంత్రాలు. నా వెనక ఉన్న ఒక ముసలమ్మ “ఇందులో మనోళ్లు యాడున్నరు బిడ్డా?” అని ఆఫీసర్ను అడుగుతున్నది. పోలింగ్ సిబ్బందిని చూస్తే జాలి వేసింది. అయినా మెచ్చుకోవాలి, ఎన్నిక సాఫీగా జరిగింది.

ఇప్పుడు లెక్క చూడండి. అందరూ పూర్తి డిపాజిట్ కట్టారనుకుంటే 178 మంది రైతులు కట్టినది 44 లక్షల 50 వేల రూపాయలు. అప్పట్లో ఒక్క అభ్యర్థి చట్టబద్ధంగా ఖర్చు పెట్టుకోదగిన పరిమితి 70 లక్షలు. అంటే 178 కుటుంబాలు అప్పో సొప్పో చేసి, ఊళ్లో చందాలు వేసుకుని కట్టిన మొత్తం, ఒక్క పెద్ద అభ్యర్థికి అనుమతించిన ఖర్చులో మూడింట రెండు వంతులు కూడా లేదు. ఆ పైన పార్టీ పెట్టే ఖర్చుకు హద్దే లేదు. ఒక్కో రైతుకు ఆ 25,000 అంటే ఆనాటి ధరలో నాలుగైదు క్వింటాళ్ల పసుపు. లెక్కింపులో ధర్మపురి అరవింద్ గారు 70,875 ఓట్ల ఆధిక్యంతో కవిత గారిపై గెలిచారు. ఆ ఇద్దరు తప్ప మిగిలిన 183 మందికీ డిపాజిట్ పోయింది.

పసుపు బోర్డును 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా అది ప్రారంభమైంది. రైతులు నామినేషన్లు వేసినందువల్లనే వచ్చిందని నేను అనను. దాని వెనక ఎన్నో ఏళ్ల ఒత్తిడి, అందరి ప్రయత్నం ఉంది. కానీ ఒక్క మాట మాత్రం నిజం. వినతిపత్రం ఉచితం, ఎవరూ వినలేదు. పాతిక వేలు కట్టి పేరు యంత్రం మీదికి ఎక్కిస్తే దేశమంతా విన్నది. మాట వినిపించడానికి పౌరుడు రుసుము కట్టవలసి వస్తే, ఆ మేరకు సమానత్వం లోటుగా ఉన్నట్లే.

రైతులు చందాలు పోగుచేసుకున్న ఆ రోజుల్లోనే పెద్ద సొమ్ము వేరే దారిలో నడుస్తున్నది. 1969లో నిషేధించిన కంపెనీ విరాళాలను 1985లో మళ్లీ అనుమతించారు. 2017లో కంపెనీల విరాళానికి లాభాల్లో ఏడున్నర శాతమన్న హద్దు తీసేశారు. 2018 నుంచి ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియదు. 2024 జనవరి దాకా 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. రైతు కట్టిన 25,000కు పేరుతో సహా రసీదు ఉంది. వేల కోట్లకు ఆరేళ్లపాటు పేరు లేదు.

మరి ఏం చేయాలి? ఇతర దేశాల్లో ఏం చేశారో చూస్తే దారి దొరుకుతుంది. డిపాజిట్ పద్ధతిని 1918లో పెట్టిన బ్రిటన్ 1985లో దాన్ని 500 పౌండ్లకు పెంచింది గాని, తిరిగి ఇవ్వడానికి అయిదు శాతం ఓట్లు చాలన్నది. మనకు దాదాపు పదిహేడు శాతం కావాలి. 2000 సంవత్సరపు చట్టంతో అక్కడ పార్టీల ఖర్చుకు కూడా హద్దు పెట్టారు. కెనడాలో వెయ్యి డాలర్ల డిపాజిట్‌ను 2017లో ఒక కోర్టు కొట్టివేసింది. మన పిల్లలు చాలామంది ఉండే అమెరికాలో సియాటెల్ నగరం వారు 2017 నుంచి ఒక్కో పౌరుడికి 25 డాలర్ల చీటీలు నాలుగు ఇస్తున్నారు. నగర ఎన్నికల్లో తనకు నచ్చిన అభ్యర్థికి ఆ చీటీ ఇచ్చుకోవచ్చు. సొమ్ము నగరపాలక సంస్థది, నిర్ణయం సామాన్యునిది. గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా అవి ఇస్తారు.

మన దేశంలో 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఎన్నికల ఖర్చు కొంత ప్రభుత్వమే వస్తురూపంలో భరించాలని సిఫారసు చేసింది. కానీ గుర్తింపు పొందిన పార్టీలకే తప్ప స్వతంత్రులకు అక్కరలేదన్నది. 2015లో లా కమిషన్ అయితే స్వతంత్రులను పోటీకే అనుమతించవద్దన్నది. అదే జరిగితే నల్గొండ బాధితులకు, కమ్మర్‌పల్లి రైతులకు ఆ ఒక్క తలుపు కూడా మూసుకుపోతుంది.

చిన్న ఉద్యోగం చేసినవాణ్ణిగా నాకు తోచినవి నాలుగు మాటలు. డబ్బు డిపాజిట్ బదులు, లేదా దానికి ప్రత్యామ్నాయంగా, నియోజకవర్గంలోని కొన్ని వందలమంది ఓటర్ల సంతకాలు అడగాలి. సంతకాలు సరిచూడటం మన మండలాఫీసులకు కొత్త పని కాదు. రెండు, అభ్యర్థికి 2022లో 95 లక్షలకు పెంచిన పరిమితి ఉన్నట్లే పార్టీకీ పరిమితి ఉండాలి. మూడు, ప్రతి విరాళమూ పోలింగుకు ముందే ప్రజలకు తెలియాలి. నాలుగు, ప్రభుత్వ సొమ్ము ఇచ్చేటట్లయితే పార్టీ ఆఫీసుకు కాక పౌరుడి చేతి ద్వారా ఇవ్వాలి.

ఢిల్లీలో జరగవలసిన పనులు ఇవి. ఊళ్లో జరగవలసినది ఒకటి ఉంది. ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవిని వేలం వేసి, గుడికనో బడికనో సొమ్ము తీసుకునే అలవాటు మన వైపు కొన్ని గ్రామాల్లో ఉంది. ఆ సొమ్ముతో మంచి పనే చేయవచ్చు. కానీ వేలంలో పాడలేనివాడు ఆ ఊళ్లో సర్పంచ్ కాలేడు. జాగీర్దారుకొక లెక్క, జీతగానికొక లెక్క అన్న 1939 పద్ధతిని మనమే మళ్లీ ఊరి చావిడికి తెచ్చుకున్నట్లవుతుంది. అలాంటి చోట పెద్దమనుషులుగా కూర్చునేవారిలో మన పెన్షనర్లు కూడా ఉంటారు. మన మాటకు ఊళ్లో ఇంకా విలువ ఉంది. వేలం వద్దు, ఎన్నిక జరగనీయండి అని అక్కడ చెప్పవలసిన బాధ్యత మనది.

ఎనభై అయిదేళ్లు దాటినవారికి ఇప్పుడు లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో ఇంటివద్దనే ఓటు వేసే వీలు కల్పించారు. నడవలేని ముసలివాడి ఓటు కోసం నలుగురు ఉద్యోగులు పెట్టె పట్టుకుని గడప దాకా వస్తున్నారంటే, ఓటు విషయంలో ఈ దేశం ఎంత దూరం వచ్చిందో చూడండి. పోటీ విషయంలో కూడా అంత దూరం రావాలని, అది మన మనవలైనా చూడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.